ముక్కున్న మనిషి

సీసా మూత తీసి ముక్కు కింద పెట్టగానే ఆ పెద్దాయన నవ్వాడు.

"ఏం వాసన వచ్చింది బాబాయ్?" అని అడిగింది నవనీత.

"ఏం రాలేదమ్మా. మంచినీళ్లా అవి?"

అవి ఎండలో మగ్గబెట్టిన చేప పేగులు. నవనీత మొహం పక్కకు తిప్పుకుని మూత బిగించింది. అప్పటికే పొద్దున తిన్న ఉప్మా గొంతు దాకా వచ్చి ఆగింది. ఇంకో సీసా తీసి పెట్టింది. "మల్లెపూలు," అన్నాడాయన తడుముకోకుండా. మూడోది పెట్టింది. "ఇంగువ పోపు. పొద్దున్నుంచి పస్తున్నానని గుర్తుచేస్తున్నావా ఏంటి?"

గాజు అద్దం అవతల నిలబడి చూస్తున్న డాక్టర్ వైదేహి, పెదవులు బిగబట్టి తల ఊపింది. అంతకంటే ఎక్కువ సంతోషపడటం ఆమెకు చేతకాదు. ఆమె ఏళ్ల తరబడి కూర్చుని తయారుచేసిన చుక్కల మందు పేరు నిర్గంధ. ముక్కు లోపల ఒక్కో రకం వాసనకు ఒక్కో తలుపు ఉందనుకుంటే, ఈ చుక్కలు కుళ్లు వాసనలు దూరే తలుపులను మాత్రం వెతికి మూసేస్తాయి. మల్లెపూలూ పోపులూ ఎప్పటిలాగే వచ్చిపోతుంటాయి. నెల తిరిగేసరికి తలుపులు మళ్లీ తెరుచుకుంటాయి కాబట్టి నెల నెలా వేసుకుంటూ ఉండాలి.

మందు పనిచేస్తోందో లేదో తేల్చాలంటే ఆ ప్రయోగశాలలో చుక్కలు పడని ముక్కు ఒకటి ఎప్పుడూ ఉండాలి. ఆ ముక్కు నవనీతది. జనగామ దగ్గరి ఊళ్లో బడి చదువు, పట్నంలో డిగ్రీ. ఈ ఉద్యోగం మాత్రం చదువు చూసి ఇచ్చింది కాదు. ఇంటర్వ్యూ రోజున గదిలోకి రాగానే "ఈ ఏసీలో ఎలుక చచ్చినట్టుంది" అనడం వల్ల వచ్చింది. అప్పటినుంచి ఆమె పూలు పెట్టుకోదు, పౌడరు రాసుకోదు, సువాసన సబ్బు వాడదు, పచ్చి ఉల్లిపాయ ముట్టదు. ప్రయోగశాలలో అందరూ ఆమెను "మన ముక్కు" అని పిలిచేవాళ్లు. ఆమె నవ్వి ఊరుకునేది. మాట తక్కువ మనిషి.

ఈ మందుకు డబ్బు పెట్టింది మందుల కంపెనీ అనుకుంటే పొరపాటు. ఇళ్లు కట్టి అమ్మే కంపెనీ పెట్టింది.

*

నవనీత భర్త నరహరి లిఫ్టు మెకానిక్కు. ఆకాశంలో సగం దూరం వెళ్లి ఆగిపోయిన వాళ్లను కిందికి దించడం అతని పని. హైదరాబాదులో ఎవరెవరి ఇళ్లకు ఎన్ని బాల్కనీలున్నాయో అతనికి తెలుసు. తను మాత్రం తల్లినీ భార్యనూ పెట్టుకుని మూసాపేటలో ఒక్క గది వాటాలో ఉండేవాడు. ఆ గదిలోనే ఒక మూల పొయ్యి, ఒక మూల తల్లి మంచం. మంచానికీ వీళ్ల పరుపుకూ మధ్య అడ్డంగా ఒక పాత చీర. ఇంటి ఓనరమ్మ మోటారు వేసి చేతులు కట్టుకుని నిలబడేది, ఎవరెన్ని బకెట్లు పట్టుకుంటున్నారో చూడటానికి. చుట్టాలెవరైనా వస్తే మర్నాడే, "మీవాళ్ల టికెట్టు ఎన్నడికి ఉన్నది?" అని నవ్వుతూ అడిగేది.

సొంతిల్లు కొందామని వాళ్లు తిరగని దిక్కు లేదు. ఒక పేటకు సరిపడా కూడబెట్టేసరికి ఆ పేట ధర రెండంతస్తులు పైకెక్కి కూర్చునేది. ఇంకొంచెం దూరం పోయి చూద్దామనుకుంటే వాళ్లకంటే ముందే ధర అక్కడికి బస్సెక్కి పోయేది. చివరికి ఊరు దాటి, ఊరు పారేసిన దాని దగ్గరికి చేరారు.

అక్కడ ఒక గుట్ట ఉంది. రాళ్ల గుట్ట కాదు. నగరమంతా పారబోసిన చెత్త ఏళ్ల తరబడి పేరుకుని, వానకు నాని, ఎండకు పొగలు కక్కి, ఒక గుట్టంత అయింది. దాని చుట్టూ కొన్ని మైళ్ల దాకా నేల చవక, ఎందుకంటే అక్కడ కూర్చుని ఎవరూ ఒక ముద్ద తినలేరు. ఇళ్ల కంపెనీ ఆ నేలంతా కొని, గుట్టను ఎత్తించే ఖర్చు లెక్కేసుకుని, అంతకంటే జనం ముక్కులు మూయించడం చవకని తేల్చుకుంది. సుగంధ హైట్స్ అని పేరు పెట్టి అంతస్తులు లేపింది.

ప్రయోగశాల ఉద్యోగులకు స్టాఫ్ కోటా కింద ధర తగ్గించి ఇస్తామన్నారు. ఇంటిల్లిపాదీ నెలనెలా చుక్కలు వేసుకోవాలని ఒకటే షరతు. నవనీత ముక్కు ప్రయోగశాలకు కావాలి కాబట్టి ఆమెకు మినహాయింపు.

"రెండు గదులు, హాలు, బాల్కనీ," అన్నాడు నరహరి ఆ రాత్రి, చీర అడ్డం ఇవతల నుంచి గుసగుసగా. "నువ్వు ఒక్కదానివి జర ఓర్చుకోవాలె. అంతే కద?"

"ఓర్చుకుంట," అంది నవనీత. ఆ మాట అన్నప్పుడు ఆమెకు నిజంగా ఇల్లే కావాలనిపించింది.

గృహప్రవేశం రోజున గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి చుక్కల సీసాతో నిలబడి ఉన్నాడు. పెళ్లిలో పన్నీరు చల్లేవాడికున్నంత మర్యాద అతనికి. వచ్చిన చుట్టాలందరి చేతా తల వెనక్కి వాల్పించి, ఒక్క పూట మాత్రమే పనిచేసే చుక్క వేసి లోపలికి పంపాడు. అత్తగారు బాలమణి చీర కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "గుళ్లె తీర్థం చేతుల పోస్తరు. ఈడ ముక్కుల పోస్తుండ్రేందే?" అంది. అందరూ నవ్వారు.

ఆ సాయంత్రం చుట్టాలు వెళ్లాక నరహరి హాల్లో నేలమీద వెల్లకిలా పడుకుని కాళ్లూ చేతులూ బారజాపాడు. అటు జరిగాడు, ఇటు జరిగాడు.

"ఏ గోడా తగుల్తలేదు, నవనీతా," అన్నాడు.

ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అతన్ని చూస్తూ నిలబడింది. అతని కళ్లలో నీళ్లున్నాయి.

*

తర్వాత రోజులు మొదలయ్యాయి. బాల్కనీ తలుపు తీస్తే గుట్ట ఇంట్లోకి వచ్చి కూర్చునేది. మూస్తే గోడల్లోంచి వచ్చేది. ఉతికిన బట్టల్లో, దిండు గలీబుల్లో, వండిన అన్నంలో అదే. నవనీత నిమ్మతొక్క ముక్కు దగ్గర పెట్టుకుని వండేది, నోటితో ఊపిరి పీల్చుకుంటూ తినేది. మొదట్లో నరహరి "పాపం" అన్నాడు. కొన్నాళ్లకు "ఇంకా అలవాటు కాలేదా?" అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు, మొహం మాత్రం చిట్లించేవాడు. ముక్కు మూసుకుని తిరిగే మనిషి ఇంట్లో ఉంటే ఇల్లు కొన్న ఆనందం ఎవరికైనా సగం చస్తుంది.

నెమ్మదిగా ఆమెకూ అలవాటైంది. ఏ వాసన వచ్చినా "గుట్టది" అనుకుని వదిలేయడం నేర్చుకుంది. ప్రయోగశాలలో మాత్రం పని మొదలుపెట్టే ముందు ఆమెను శుభ్రమైన గాలి గదిలో గంటసేపు కూర్చోబెట్టేవాళ్లు. అద్దాలు తుడుచుకున్నట్టు అక్కడ ముక్కు తుడుచుకుని, సీసాల ముందు కూర్చునేది. ఇంటికి రాగానే మళ్లీ మూసేసుకునేది. మందు లేకుండానే ఆమె కూడా తన తలుపులు తాను మూసుకుందన్న సంగతి అప్పట్లో ఆమెకు తోచలేదు.

శ్రావణమాసంలో ఒక పొద్దున తాళింపు వేస్తుంటే కొత్త వాసనొకటి తగిలింది. తియ్యగా, జామపండు మగ్గి మగ్గి నీరు కారుతున్నట్టు.

"ఇయ్యాల గుట్ట మీద ఎవరో జామపండ్లు పారబోసినట్టున్నరు," అంది.

"జామపండ్లయితే మంచిదే కద," అన్నాడు నరహరి, టిఫిన్ బాక్సు సర్దుకుంటూ.

బాలమణి మంచం మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. "నాకైతే ఉత్త పోపు వాసనే వస్తున్నది బిడ్డా. కమ్మగున్నది," అంది.

ఆ జామపండ్ల వాసన పోలేదు. రోజురోజుకూ చిక్కబడింది. నవనీత కిటికీలకు ప్లాస్టిక్ కవరు అంటించింది. అగరుబత్తులు రెట్టింపు చేసింది. గుట్ట మీద ఏం పోస్తున్నారో ఎవరినైనా అడగాలనుకుని, అడిగి ఏం లాభమని ఊరుకుంది.

అల్పపీడనం పట్టిన రోజున గాలి ఎదురు తిరిగింది. అవతలి పక్కనున్న పొలాల మీదుగా తడి గాలి వచ్చి గుట్ట కంపును అటు తోసేసింది. బాల్కనీలో నిలబడి నవనీత చాలా రోజుల తర్వాత ముక్కు నిండా గాలి పీల్చింది. తడి మట్టి వాసన. ప్రాణం లేచొచ్చినట్టయింది. తలుపులన్నీ బార్లా తెరిచి లోపలికొచ్చింది.

లోపల జామపండ్ల వాసన అలాగే ఉంది.

ఆమె హాలు మధ్యలో ఆగిపోయింది. వంటింట్లో చూసింది. చెత్తబుట్ట ఖాళీ. బాత్రూములో లేదు. ప్రయోగశాలలో సీసాల వరుస వెంట పోయినట్టు వాసన పట్టుకుని పోయింది. అది చిన్న గది గుమ్మం దగ్గర గట్టిపడింది. మంచం దగ్గర ఇంకా గట్టిపడింది. బాలమణి టీవీ చూస్తోంది. కాళ్ల మీద దుప్పటి ఉంది.

"అత్తమ్మా, ఏది, కాళ్లు చూపియ్యి."

"ఎందుకే? బోనాలకు కొన్న కొత్త చెప్పు కరిచింది. నొప్పి లేదు, ఏం లేదు. గుడ్డ కట్టిన."

బాలమణికి ఎన్నో ఏళ్లుగా షుగరు ఉంది. పాదాల్లో స్పర్శ పోయి చాలా కాలమైంది. నవనీత గుడ్డ విప్పింది. గుడ్డ ఊడి రాలేదు, తడిసి అంటుకుపోయింది. నీళ్లు పోసి నాననిచ్చి తీసింది. చిటికెన వేలు, దాని పక్క వేలు బొగ్గుల్లా ఉన్నాయి. వాటి మధ్య సందులో తెల్లగా ఏదో కదిలింది. ఒకటి కాదు.

నవనీత బాత్రూముకు పరుగెత్తి కడుపులో ఉన్నదంతా కక్కుకుంది. మొహం కడుక్కుని వచ్చేసరికి బాలమణి వంగి, తన పాదాన్ని మొహానికి దగ్గరగా పట్టుకుని, తీరిగ్గా చూసుకుంటోంది. ఆ మొహంలో అసహ్యం లేదు.

"గిన్ని రోజులు గుడ్డ అంచుల కదులుతుంటే చీమలనుకున్న," అంది.

*

ఆసుపత్రిలో మాస్కు మీద మాస్కు వేసుకున్న డాక్టరు కూడా కట్టు విప్పగానే ఒక అడుగు వెనక్కి వేశాడు. నరహరి మాత్రం తల్లి పాదం పక్కనే కూర్చుని, దాని మీదికి వంగి, చేత్తో నిమురుతూ ఉన్నాడు. నర్సు అతన్ని చూసి, "తల్లి మీద ఎంత ప్రేమో," అంది పక్కామెతో. నవనీత తల తిప్పుకుంది.

"ఇంత కుళ్లిపోయేదాకా ఇంట్లో ఎవరికీ వాసన రాలేదా?" అని అడిగాడు డాక్టరు.

నరహరి నేల చూపులు చూశాడు.

"నాకొచ్చింది," అంది నవనీత. "గుట్టదనుకున్న."

డాక్టరుకు ఆ మాట అర్థం కాలేదు. మోకాలి కింది దాకా తీసేయాలని చెప్పి వెళ్లిపోయాడు. తీసేశారు.

వారం తర్వాత నవనీత ప్రయోగశాలకు వెళ్లి డాక్టర్ వైదేహి ముందు కూర్చుంది. జరిగిందంతా చెప్పింది. వైదేహి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇలాంటిది జరగొచ్చని నేను మొదట్లోనే రాశాను, నవనీతా. ఇంటికొక్కరైనా చుక్కలు వేసుకోకుండా ఉండాలని. గ్యాసు లీకవచ్చు, తిండి పాడవచ్చు, పుండు పడవచ్చు. బిల్డరు ఒప్పుకోలేదు. ఇంటికొకరు ముక్కు మూసుకుని కూర్చుంటే ఆ ఇల్లు ఎవరు కొంటారన్నాడు."

"మరి మీరేమన్నరు మేడమ్?"

"నేనేమంటాను. ప్రయోగశాల నడవాలిగా." ఆమె బల్ల మీది కళ్లజోడును అటూ ఇటూ జరిపింది. "వేలమందికి ఇల్లంటూ ఒకటి దొరికింది. దాన్ని కూడా చూడాలి."

"మీరు వేసుకుంటరా మేడమ్, చుక్కలు?"

"నాకేం అవసరం? మా ఇంటి దగ్గర..." అని వైదేహి ఆగిపోయింది. కళ్లజోడు తీసి పెట్టుకుంది. "నీ ముక్కు ఈమధ్య మొద్దుబారుతోంది. కిందటి పరీక్షలో రెండు సీసాలు తప్పావు. సెలవు పెట్టి విశ్రాంతి తీసుకో."

నవనీత లేచి బయటికొచ్చింది. ఆ గదిలో ఖరీదైన గంధపు వాసన ఉంది. అది మెట్లు దిగేదాకా ఆమె వెంట వచ్చింది.

*

బాలమణి కాలు సంగతి అపార్ట్‌మెంటులో పాకింది. దాని గురించి పైకి ఎవరూ మాట్లాడలేదు. మొదట పక్క ఫ్లాటు తబస్సుమ్ వచ్చింది, పాల సీసా కొంగు చాటున పెట్టుకుని.

"అక్కా, బుడ్డోడు పొద్దున్నుంచి విరేచనాలు చేసుకుంటుండు. ఈ పాలు జర చూడవా?"

పాలు పైకి తేడా తెలియకుండా పులిసిపోయి ఉన్నాయి. సీసా మూతలో పాత పాలు గట్టిపడి పచ్చగా ఉన్నాయి. నవనీత చెప్పగానే తబస్సుమ్ ఏడుస్తూ కూర్చుండిపోయింది. "నాకేం తెల్వలే అక్కా. నేనే తాగించిన."

తర్వాత ఒక్కొక్కరే వచ్చారు, లిఫ్టు మానేసి మెట్ల దారిన. చికెన్ గిన్నెలతో, ఫ్రిజ్జు డబ్బాలతో, చంటిపిల్లలతో. మంచాన పడ్డ మామగారి వీపు చూడమని ఒకామె పిలిచింది. అసోసియేషన్ సెక్రటరీ కామేశ్వరరావు గారు, బ్యాంకులో చేసి రిటైరైన పెద్దమనిషి, ఒక మధ్యాహ్నం స్వయంగా వచ్చి అటూ ఇటూ చూసి, "నా చెవిలోంచి నీరు కారుతోందమ్మాయ్. మంచి నీరో చెడ్డ నీరో కాస్త చెప్పు," అని తల వంచాడు. ఆ చెవి దగ్గర ముక్కు పెట్టి ఊపిరి పీల్చాక నవనీతకు రెండు పూటలు అన్నం సయించలేదు.

ఆమె ఎవరినీ కాదనలేదు. కాదంటే ఇంకో కాలు ఎవరిది పోతుందోనని భయం.

ఒక ఆదివారం లిఫ్టు దగ్గర ఇల్లు చూడటానికి వచ్చిన దంపతులు నిలబడి ఉన్నారు. ఆమెకు నెలలు నిండుతున్నట్టుంది. లిఫ్టు తలుపు తెరుచుకోగానే కింది గుంతలో చచ్చిన పందికొక్కు కంపు నవనీత మొహం మీద కొట్టింది. గోడ పట్టుకుని వాంతి చేసుకుంది.

"అయ్యో, ఏమైందండీ?" అని కంగారుపడింది ఆ వచ్చినామె. "మీకూ ఏమన్నా విశేషమా?"

"వాసన."

"మాకేం రావట్లేదే."

"గేటు దగ్గర మీకు చుక్క వేశారు. సాయంత్రం దాకా రాదు," అంది నవనీత మూతి తుడుచుకుంటూ. ఆమె దాచాలనీ అనుకోలేదు, చెప్పాలనీ అనుకోలేదు. అడిగారు కాబట్టి చెప్పింది.

ఆ దంపతులు లిఫ్టు ఎక్కకుండానే వెళ్లిపోయారు. సాయంత్రానికల్లా అసోసియేషన్ వాళ్లు నరహరికి కబురు పెట్టారు. నవనీత సెలవులో ఉంది కాబట్టి మినహాయింపు ఇక చెల్లదు, వచ్చే ఆదివారం లోపల ఆమె కూడా చుక్కలు వేసుకోవాలి. లేదంటే స్టాఫ్ కోటా ఫ్లాటు కంపెనీ వెనక్కి తీసుకుంటుంది.

"వేసుకో," అన్నాడు నరహరి. "మల్ల ఆ చీర అడ్డం బతుకు నాతోని కాదు."

"నేను కూడ వేసుకుంటే అత్తమ్మ రెండో కాలు ఎవరు చూస్తరు?"

అతను దిండు తీసుకుని లేచాడు. రాత్రంతా హాల్లో నేల మీదే పడుకున్నాడు. కాళ్లు మాత్రం ముడుచుకుని పడుకున్నాడు.

*

ఆదివారం వాళ్ల హాలు నిండిపోయింది. కామేశ్వరరావు గారు కుర్చీలో, మిగతావాళ్లు చాప మీద, గోడల వెంబడి. నెలనెలా ఇంటింటికీ వచ్చి చుక్కలు వేసే కంపెనీ నర్సు సీసా పట్టుకుని నిలబడింది. ఎవరో మిరపకాయ బజ్జీలు తెచ్చారు. బాలమణి మూలన చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది.

"మేమేం పరాయివాళ్లం కాదమ్మాయ్," అన్నాడు కామేశ్వరరావు గారు. "ఇన్ని కుటుంబాలకు లేని ఇబ్బంది మీ ఒక్కరికే ఎందుకు చెప్పండి? మీరు వాంతి చేసుకుంటే అది మన అందరి ఇళ్ల మీదా పడుతోంది."

"వేసుకుంట సార్," అంది నవనీత. "రేపటి నుంచి మీ చెవి ఎవరు చూస్తరు?"

ఆయన చెయ్యి దానంతటదే చెవి మీదికి పోయింది. బజ్జీలు నమలడం ఆగింది. చాప మీదున్న ఒకామె తన కొడుకు వైపు చూసింది. గోడకానుకున్నాయన నేల వైపు చూశాడు. ఎవరికి వాళ్లు తామొక్కరే వచ్చామనుకున్నారు ఇన్నాళ్లూ.

"నా పిల్లగాని పాలు అక్కనే చూస్తది," అంది తబస్సుమ్ లేచి నిలబడి. "ఆమెకు చుక్కలేస్తమంటే నేను ఒప్పుకోను. ఎవరేమన్న అనుకోండి."

"మా నాన్న వీపు కూడా," అన్నారెవరో వెనక నుంచి.

గుసగుసలు పెరిగాయి. నవనీతకు గుండె తేలికైంది. అంతలో కంప్యూటరు ఉద్యోగం చేసే కుర్రాడొకడు చెయ్యెత్తాడు. "అంకుల్, దీన్ని వేరేలా చూద్దాం. జనరేటరుంది, సెక్యూరిటీ ఉంది. అలాగే ఈ మేడమ్‌ని కూడా పెట్టుకుందాం. పొద్దున్నే ఇంటింటికీ వచ్చి వాసన చూసి వెళ్తారు. మెయింటెనెన్సులో కలిపేద్దాం. బ్రోచర్లో వేస్తే రేటు కూడా పెరుగుతుంది. ఇలాంటిది ఇంకెక్కడా లేదు."

కామేశ్వరరావు గారి మొహం వెలిగింది. అక్కడికక్కడే కంపెనీ వాళ్లకు ఫోను చేశాడు. అందరికీ వినపడేలా పెట్టాడు. అవతలి గొంతు చాలా సంతోషించింది. ఆ గొంతు మిగతా టవర్లకు కూడా ఇలాంటి అమ్మాయిలను ఊళ్ల నుంచి తెప్పిస్తామంది, పల్లెటూరి ముక్కులు చురుగ్గా ఉంటాయంది. నవనీత మాత్రం కొనేవాళ్ల కంట పడకుండా వెనక మెట్ల దారిన తిరగాలంది.

"యూనిఫాం కుట్టిద్దాం," అన్నారెవరో.

బజ్జీల పళ్లెం మళ్లీ తిరిగింది. నరహరి నవనీత వైపు చూసి నవ్వాడు. చాలా నెలల తర్వాత నవ్వాడు. "చూసినవా? ఇల్లూ ఉంటది, నీ ముక్కూ ఉంటది," అన్నాడు.

నవనీత ఆ హాలునంతా చూసింది. నూనె వేళ్లు నాక్కుంటున్న వాళ్లను చూసింది. ఎవరి పుండ్లు ఏ వాసనో, ఎవరి నోళ్లు ఏ వాసనో ఆమెకు తెలుసు. గుట్ట మీది నుంచి ఎప్పుడూ రాని కంపు ఒకటి ఇప్పుడు ఈ గదిలో లేచినట్టనిపించింది. అది ముక్కుతో పట్టేది కాదు. తనూ అందులో ఉంది. ఈ ఇల్లు కావాలన్నది తనే.

"ఉక్కగా ఉంది, ఆ బాల్కనీ తలుపు తియ్యండి," అన్నాడు కామేశ్వరరావు గారు.

ఎవరో తీశారు.

మూలన బాలమణి ఒక్కసారిగా ముందుకు వంగింది. పొట్ట పట్టుకుని వెక్కినట్టు ఊగింది. తర్వాత భళ్లున కక్కుకుంది, తన ఒళ్లో, చక్రాల మీద, చాప అంచు మీద. కక్కుకుంటూనే ఉంది. పక్కనున్న వాళ్లు తడవకుండా జరిగారే తప్ప ఎవరూ మొహం చిట్లించలేదు. కొందరు బజ్జీలు తింటూనే ఉన్నారు. నవనీత ఒక్కతే వెళ్లి ఆమె నుదురు పట్టుకుంది.

"అమ్మా, ఏమైందే? బజ్జీ పడలేదా?" అన్నాడు నరహరి.

బాలమణి ఊపిరి తీసుకుంది. తీసుకుని మళ్లీ కొంగుతో ముక్కు మూసుకుంది. "దవాఖానల ఉన్నన్ని రోజులు నాకు ఎవరూ చుక్కలెయ్యలే. ఇంటికొచ్చినంక నేనే వద్దనుకున్న. నర్సమ్మ ఏసి అటు తిరగంగనే తుడుచుకున్న. నా కాలు కుళ్లిన వాసన నా కోడలికి తెలిసింది, నాకు తెల్వలే. నా ఒంట్లది నాకు తెల్వకపోవుడేందిరా అనిపించింది." ఆమె బాల్కనీ వైపు చూపించింది. "నాలుగు రోజుల సంది కొద్దికొద్దిగ వస్తున్నది. ఇయ్యాల మొత్తం తెలిసింది. గీ కంపుల పండుకున్నమా మనం? గీ కంపుల అన్నం తిన్నమా?"

"అమ్మా, అందరున్నరు. ఇల్లు రేటు పెరుగుతదంటుండ్రు."

"నా కాలు గూడ పెరుగుతదేమో అడుగు."

బాలమణి కోడలి చెయ్యి పట్టుకుంది. "ఇంత కంపుల నువ్వు రోజూ నాకు అన్నం కలిపి పెట్టినవా బిడ్డా? ఒక్కనాడన్న నేను అడగలే నిన్ను, ఎట్ల తింటున్నవని." ఆమె రెండో చేత్తో కుర్చీని తలుపు వైపు తిప్పబోయింది. "నన్ను బయటికి తీస్కపో. యాడికైనా సరే."

"యూనిఫాం సంగతి..." అని ఎవరో మొదలుపెట్టి ఆపేశారు.

నవనీత అత్తగారి ఒళ్లు తుడిచింది. చీర మార్చింది. మందుల సంచి, రెండు జతల బట్టలు సర్దింది. తబస్సుమ్ తలుపు పట్టుకుంది. చక్రాల కుర్చీ తోసుకుంటూ నవనీత హాల్లోంచి బయటికొచ్చింది. లిఫ్టులో కిందికి దిగేదాకా అత్తాకోడళ్లిద్దరూ కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకుని, ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఆ ఇంట్లో తోడు దొరకడం నవనీతకు అదే మొదలు.

నరహరి మెట్ల మీదుగా పరుగెత్తుకొచ్చి గేటు దగ్గర అందుకున్నాడు. ఆటో ఆగి ఉంది.

"ఎటు పోతరు ఇద్దరు? ఎవరిస్తరు గది?" అన్నాడు రొప్పుతూ.

"వెతుక్కుంటం," అంది నవనీత. "నువ్వు కూడ రా. రాకుంటే ఒక్క నెల చుక్కలు మానెయ్. మానేసి ఆ ఇంట్ల ఒక్క పూట కూసో. ఆ తర్వాత గూడ ఉండాలనిపిస్తే ఉండు. నేనేమీ అనను."

అతను గేటు ఊచ పట్టుకుని వెనక్కి తిరిగి, తన అంతస్తు వైపు చూశాడు. బాల్కనీలో జనం నిలబడి కిందికి చూస్తున్నారు. గాలి మళ్లీ గుట్ట మీది నుంచి తిరిగింది. ఆటోడ్రైవరు రుమాలు తీసి మూతికి కట్టుకున్నాడు. బాలమణి కొంగులో మొహం దాచుకుంది.

నరహరి తల పైకెత్తి, కళ్లు మూసుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఏం తక్కువున్నది ఈడ?" అన్నాడు. "గాలి ఎంత చల్లగున్నదో చూడు."